కడుపులో బిడ్డ గుండె: ఎన్‌ఎస్‌టీ గీత ఏం చెబుతుంది, ఏం చెప్పలేదు

మా చెల్లికి ఏడో నెలలో షుగర్ బయటపడింది. అందుకని 36వ వారం నుంచి వారానికి రెండుసార్లు ఎన్‌ఎస్‌టీకి, అంటే కడుపులో బిడ్డ గుండె వేగాన్ని కాగితం మీద గీతగా తీసే పరీక్షకి, రమ్మన్నారు. మొదటిసారి అమ్మా నేనూ తోడు వెళ్లాం. చిన్న గది, రెండు మంచాలు, మధ్యలో సగం లాగిన ఆకుపచ్చ కర్టెన్. సిస్టర్ వచ్చి చెల్లి పొట్ట మీద జెల్ రాసి, గుండ్రటి బిళ్లను బొడ్డు కింద అటూ ఇటూ జరిపింది. కాసేపు గరగరమంది. ఉన్నట్టుండి గుర్రం పరుగెత్తుతున్నట్టు చప్పుడు మొదలైంది. ఆ బిళ్ల కదలకుండా బెల్టు బిగించింది. పొట్ట పైభాగాన ఇంకో బిళ్ల, దానికో బెల్టు. చెల్లి చేతికి ఒక బటన్ ఇచ్చి, "బేబీ కదిలినప్పుడల్లా నొక్కమ్మా" అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

మిషన్ మీద అంకెలు 138, 141, 152. మళ్లీ 136. ఓ క్షణం 124. అమ్మ కుర్చీలోంచి లేచేసింది. "అదేంటమ్మా, అంత తగ్గిపోయింది?" సిస్టర్ అక్కణ్నుంచే, "నంబర్ చూడకండి పెద్దమ్మా, అది ఎగురుతూనే ఉంటుంది. కాగితం మీద గీత చూడాలి" అంది. పక్క మంచం అమ్మాయి మిషన్‌లో అంకె 140 దగ్గర కదలకుండా నిలబడి ఉంది. గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. "ఆ పిల్లది చూడు, ఎంత నిలకడగా ఉందో" అని అమ్మ నా చెవిలో గొణిగింది. సిస్టర్‌ని ఆపింది ఆ నిలకడే. ఆ అమ్మాయిని ఎడమ పక్కకు తిప్పింది, పొట్టను చేత్తో మెల్లగా కదిపింది, "ఇంకో ఇరవై నిమిషాలు ఉండాలమ్మా" అని కాగితం ఆపకుండా వదిలేసింది. పావుగంట తర్వాత ఆ గీత కూడా మా చెల్లిది లాగే ఎగుడుదిగుడుగా నడిచింది. అంతసేపూ లోపలి బిడ్డ నిద్రపోతోందట.

ఎగిరే అంకె చూసి మేం భయపడ్డాం, కదలని అంకె చూసి మురిసిపోయాం. రెండూ తప్పే. తర్వాత దీని గురించి చదువుతూ పోతే, ఈ పొరపాటు మా ఒక్కరిదే కాదని, గత అరవై ఏళ్లుగా ప్రసూతి వైద్యం కూడా ఈ గీతతోనే కుస్తీ పడుతోందని తెలిసింది.

ముందు అంకెల సంగతి. బిడ్డ గుండె చాలా తొందరగా మొదలవుతుంది. పిండం ఏర్పడిన మూడు వారాలకే, అంటే నెల తప్పిందని ఇంకా అనుమానపడుతున్న రోజుల్లోనే, అది కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆరో వారంలో స్కానింగ్‌లో కనిపించేటప్పుడు వేగం నిమిషానికి 110 ప్రాంతంలో ఉంటుంది. తొమ్మిదో వారానికి 170 దాకా ఎగబాకుతుంది. ఆ తర్వాత మెల్లగా దిగుతూ చివరి నెలల్లో 110 నుంచి 160 మధ్య స్థిరపడుతుంది. అందుకే తొమ్మిదో వారంలో 172 అని రిపోర్టు చూసి "ఎక్కువగా ఉంది" అని కంగారు పడనక్కర్లేదు, 38వ వారంలో 172 అదే పనిగా ఉంటే మాత్రం పట్టించుకోవాలి. తల్లికి జ్వరం ఉన్నా, ఉమ్మనీటిలో ఇన్‌ఫెక్షన్ చేరినా, కొన్ని మందుల వల్లా వేగం పెరుగుతుంది.

140 దాటితే ఆడపిల్ల, లోపైతే మగపిల్లాడు అనే లెక్క మన ఇళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంది. పైన చెప్పిందే దీనికి జవాబు. ఒకే బిడ్డ అంకె ఒక్క నిమిషంలో 124కీ 152కీ మధ్య తిరిగితే ఆ నిమిషంలో ఎన్నిసార్లు ఆడ, ఎన్నిసార్లు మగ?

ఇక గీత. ఎన్‌ఎస్‌టీ కాగితం మీద రెండు గీతలు నడుస్తాయి. పైన బిడ్డ గుండె వేగం, కింద గర్భసంచి బిగుసుకోవడం. చాలా చోట్ల కాగితం నిమిషానికి ఒక సెంటీమీటరు చొప్పున బయటికి వస్తుంది, అమెరికాలో మూడు సెంటీమీటర్లు. వింటే చిన్న తేడానే. కానీ ఒకే గుండె గీత ఒకచోట ముళ్లకంపలా, ఇంకోచోట కొండల వరసలా కనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మతో మన కాగితాన్ని పోల్చుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే సగం భయం తగ్గుతుంది.

పై గీతలో డాక్టర్లు మొదట చూసేది దాని గరుకుతనం. బిడ్డ గుండెకు ఒక సొంత లయ ఉంది. దాని మీద మెదడు రెండు నరాల వ్యవస్థలతో పట్టు ఉంచుతుంది. ఒకటి యాక్సిలరేటర్, ఒకటి బ్రేకు. రెండూ క్షణక్షణం చెరో వైపు లాగుతుంటే వేగం ఎప్పుడూ కాస్త పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊగిసలాట 5 నుంచి 25 వరకు ఉంటే మెదడుకు ఆక్సిజన్ అందుతోంది, నరాలు మెలకువగా ఉన్నాయి అని అర్థం. రోడ్డు మీద బండి నడిపే మనిషి స్టీరింగ్‌ని చిన్నచిన్నగా సరిచేస్తూనే ఉంటాడు. కునికిపాట్లు పడే డ్రైవర్ చేతిలో స్టీరింగ్ కదలదు. గీత సాఫీగా ఉంటే సిస్టర్లు ఆగి చూసేది అందుకే.

అయితే కునుకు తీసేవాళ్లంతా జబ్బుపడ్డవాళ్లు కాదు. కడుపులో బిడ్డకు గాఢనిద్ర సాధారణంగా 20 నుంచి 40 నిమిషాలు ఉంటుంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ఆ సమయంలో గీత చదునుగా మారడం సహజం. నొప్పి తగ్గడానికి ఇచ్చే పెథిడిన్, బీపీ ఎక్కువైనప్పుడు ఇచ్చే మెగ్నీషియం, నెలలు నిండకముందే కాన్పు అవుతుందనుకుంటే ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టిరాయిడ్ ఇంజెక్షన్, ఇవన్నీ కూడా కొన్నాళ్లో కొన్ని గంటలో గీతను చదును చేయగలవు. కాబట్టి చదును గీత కనిపించగానే "ఎంతసేపటి నుంచి?" అన్నది మొదటి ప్రశ్న.

రెండోది చూసేది ఎగుడులు. బిడ్డ చెయ్యో కాలో ఆడించినప్పుడు, మనం మెట్లెక్కినప్పటిలాగే, గుండె వేగం పెరుగుతుంది. 32 వారాలు దాటిన బిడ్డలో వేగం కనీసం 15 పెరిగి, 15 సెకన్లు నిలిస్తే దాన్నొక ఎగుడుగా లెక్కిస్తారు. 20 నిమిషాల్లో అలాంటివి రెండు వస్తే పరీక్ష "రియాక్టివ్", ఇంటికి పంపేస్తారు. రాకపోతే 40 నిమిషాల దాకా పొడిగిస్తారు. అప్పటికీ రాకపోతే స్కానింగ్‌లో ఉమ్మనీరు, బిడ్డ కదలికలు, మాయ నుంచి రక్తప్రసారం చూస్తారు. 32 వారాల లోపు బిడ్డకు కొలత తక్కువ: 10 పెరిగి 10 సెకన్లు నిలిస్తే చాలు. ఈలోపు మనవాళ్లు ఫ్రూటీయో చాక్లెట్టో ఇచ్చి "తీపి తింటే బిడ్డ లేస్తుంది" అంటారు. తల్లికి గ్లూకోజ్ ఇచ్చి చూసిన పరిశోధనల్లో ఫలితం ఏమీ మారలేదు. షుగర్ ఉన్న మా చెల్లికి కూడా పక్కావిడ జ్యూస్ ప్యాకెట్ చాపింది. ప్రేమ కొద్దీ ఇచ్చిందే కాబట్టి తీసుకుని నేను తాగాను.

మూడోది తగ్గుదలలు. కంగారు మొత్తం ఇక్కడే, ముఖ్యంగా నొప్పులు మొదలయ్యాక.

నొప్పి వచ్చిన ప్రతిసారీ గర్భసంచి కండరం ఒక నిమిషం పాటు బిగుసుకుంటుంది. ఆ బిగువుకి మాయకు రక్తం తెచ్చే నాళాలు నొక్కుకుపోతాయి. ఆ నిమిషం బిడ్డకు కొత్త ఆక్సిజన్ దాదాపు అందదు. చెరువులో మునకలేసే పిల్లాడిని ఊహించుకోండి. మునిగినప్పుడు ఊపిరి బిగబడతాడు, తేలినప్పుడు పీల్చుకుంటాడు. రెండు మునకల మధ్య తేలే సమయం దొరికినంతసేపూ వాడికేం కాదు. నెలలు నిండిన ఆరోగ్యకరమైన బిడ్డ ఇలా గంటల తరబడి తట్టుకోగలదు. ఈత రానివాడికీ, అప్పటికే అలిసిపోయినవాడికీ, తేలగానే మళ్లీ తల పట్టి ముంచేస్తే బాగా ఈదేవాడికీ కష్టం. నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ వేగం ఎక్కువై, పది నిమిషాల్లో ఐదుకు మించి నొప్పులు వస్తుంటే జరిగేది ఈ చివరిదే. చాలాసార్లు డ్రిప్ ఆపితే గీత దానంతటదే కుదురుకుంటుంది.

తగ్గుదల ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందన్నది, ఎంత లోతుకు దిగిందన్నదాని కంటే ఎక్కువ చెబుతుంది. నొప్పితో పాటే దిగి, నొప్పితో పాటే లేచి, కింది గీతకు అద్దంలో బొమ్మలా ఉంటే అది తల నొక్కుకోవడం వల్ల వచ్చేది. తల కిందికి దిగుతోందని అర్థం, భయం లేదు. ఇంగ్లిష్ వి అక్షరంలా ఠక్కున పడి ఠక్కున లేస్తే, బొడ్డు తాడు ఎక్కడో నొక్కుకుంటోంది. కాన్పులో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రకం ఇదే. మూడోది నొప్పి పతాకస్థాయి దాటాక మెల్లగా దిగడం మొదలై, నొప్పి పోయాక కూడా కాసేపటికి గానీ లేవదు. ఇది లోతు తక్కువే ఉండొచ్చు, చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, అసలు జాగ్రత్తపడాల్సింది దీనికే. మాయ నుంచి అందాల్సినంత అందట్లేదనీ, బిడ్డ దగ్గర నిల్వ తక్కువుందనీ అనుమానం. దీనికి తోడు గరుకుతనం కూడా పోయి గీత చదునైతే డాక్టరు ఆలస్యం చేయరు. 160 నుంచి ఓసారి 80కి పడి లేచిన గీత కంటే, 145 నుంచి 130కి ప్రతి నొప్పికీ ఆలస్యంగా దిగే చదును గీత ప్రమాదకరం కావచ్చు. మిషన్ ముందు కూర్చున్న బంధువులకు ఈ తేడా తెలిసే దారి లేదు.

బొడ్డు తాడు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. "మెడకు తాడు చుట్టుకుంది" అన్న మాట విని ఎన్ని ఇళ్లలో ఏడుపులు విన్నానో! ప్రతి నాలుగైదు కాన్పుల్లో ఒకదాంట్లో తాడు మెడ చుట్టూ ఉంటుంది. బిడ్డ కడుపులో ముక్కుతోనో గొంతుతోనో ఊపిరి తీసుకోవట్లేదు, ఆ తాడు ద్వారానే అన్నీ అందుతున్నాయి. తాడు చుట్టూ జిగట పదార్థం మెత్తలా ఉంటుంది కాబట్టి మామూలుగా నొక్కుకోదు. చాలామంది పిల్లలు మెడలో దండతోనే పుడతారు, డాక్టరు వేలితో తప్పించేస్తారు.

ఈ చప్పుడును మనుషులు మొదట చెవితోనే విన్నారు. 1818లో జెనీవాలో ఫ్రాన్సువా మేయర్ అనే వైద్యుడు గర్భిణి పొట్టకు చెవి ఆనించి బిడ్డ గుండెను విన్నట్టు రాశాడు. 1821లో పారిస్‌లో కెర్గరాడెక్ అనే వైద్యుడు, అప్పటికి కొత్తగా వచ్చిన స్టెతస్కోపును పొట్ట మీద పెట్టాడు. ఆయన వినాలనుకున్నది ఉమ్మనీరు చిలికే శబ్దం. వినిపించింది వేగంగా కొట్టుకునే గుండె. 1895లో ఫ్రెంచ్ వైద్యుడు పినార్డ్ తయారుచేసిన బూరలాంటి గొట్టం ఇప్పటికీ ప్రపంచంలో చాలా ప్రసూతి గదుల్లో పనిచేస్తోంది. కరెంటు అక్కర్లేదు, రిపేరు రాదు.

మిషన్ కథ 1958లో అమెరికాలో ఎడ్వర్డ్ హాన్‌తో మొదలవుతుంది. ఉరుగ్వేలో కాల్డెరో-బార్సియా, జర్మనీలో హమ్మాహర్ అదే కాలంలో అదే దారిలో ఉన్నారు. 1968లో హ్యూలెట్ ప్యాకార్డ్ మిషన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అప్పటి ఆశ చాలా పెద్దది. కాన్పులో ఆక్సిజన్ అందకపోవడం వల్లే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు, కండరాల పట్టు పాడయ్యే జబ్బు) వస్తుందనీ, గీతను కనిపెట్టుకుని సమయానికి బిడ్డను తీసేస్తే ఆ జబ్బు సగమైనా తగ్గిపోతుందనీ చాలామంది డాక్టర్లు నమ్మారు. ఆ నమ్మకం ఎంత బలంగా ఉందంటే, పరీక్షించి చూడకముందే మిషన్ లేబర్ రూముల్లోకి వచ్చేసింది. ఒకసారి వచ్చాక తీసే ధైర్యం ఎవరికుంటుంది?

పరీక్షించినప్పుడు వచ్చిన జవాబు వేరు. 1985లో వెలువడిన డబ్లిన్ పరిశోధనలో దాదాపు 13 వేల మంది తల్లుల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మిషన్ ఎడతెగకుండా, రెండో గుంపుకు నర్సు ప్రతి పావుగంటకోసారి వినడం. మిషన్ గుంపులో పుట్టగానే ఫిట్స్ వచ్చిన పిల్లలు సగానికి తగ్గారు. చనిపోయిన పిల్లల సంఖ్యలో తేడా లేదు. ఆ పిల్లలు నాలుగేళ్లవాళ్లయ్యాక చూస్తే సెరిబ్రల్ పాల్సీలోనూ తేడా లేదు. ఆ తర్వాత, వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ ఇలాంటి 13 పరిశోధనల్ని, 37 వేలకు పైగా తల్లుల వివరాల్ని కలిపి చూసింది. ఫలితం అదే. ఫిట్స్ సగం, మరణాల్లో తేడా లేదు, సెరిబ్రల్ పాల్సీలో తేడా లేదు, సిజేరియన్లు మాత్రం 63 శాతం ఎక్కువ. చదివేవాళ్ల తప్పేమో, కంప్యూటర్‌కి అప్పజెబుదామని బ్రిటన్, ఐర్లండ్‌లలో 46 వేలకు పైగా కాన్పుల్లో చూశారు. 2017లో ఫలితాలొచ్చాయి. కంప్యూటర్ హెచ్చరికల వల్ల పిల్లలకు అదనంగా ఒరిగిందేమీ కనిపించలేదు.

ఎందుకిలా? కారణం లెక్కలో ఉంది. నిజంగా ప్రమాదంలో పడే బిడ్డలు చాలా కొద్దిమంది. గీత గరుకు తగ్గడం, తగ్గుదలలు రావడం అన్నవి ఆరోగ్యంగా ఉన్న బిడ్డల్లో కూడా చాలా ఎక్కువ. 1996లో కాలిఫోర్నియా పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, సెరిబ్రల్ పాల్సీతో ముడిపడినవని తేలిన రెండు రకాల చెడ్డ గీతలు ఉన్న వెయ్యి మంది పిల్లల్ని తీసుకుంటే, తర్వాత ఆ జబ్బు వచ్చింది ఇద్దరికే. 998 మందికి రాలేదు. పైగా సెరిబ్రల్ పాల్సీకి కారణాలు ఎక్కువ భాగం నొప్పులు మొదలవకముందే, నెలల కిందటే పడి ఉంటాయని ఇప్పుడు తెలుసు. ఎప్పుడో జరిగిపోయినదాన్ని కాన్పు రోజు గీత ఎలా ఆపుతుంది?

ఇంకో చిక్కు, ఒకే కాగితాన్ని ఇద్దరు డాక్టర్లకు ఇస్తే రెండు మాటలు చెబుతారు. కొన్నాళ్లాగి అదే కాగితాన్ని అదే డాక్టరుకు ఇస్తే తన మాట తనే మార్చుకోవచ్చు. చాలా అధ్యయనాల్లో ఇది మళ్లీ మళ్లీ తేలింది. బిడ్డకు ఏమైందో ముందే చెప్పి కాగితం చేతికిస్తే అందరికీ గీతలో లోపాలు బాగా కనిపిస్తాయి. కోర్టుల్లో జరిగేది అదే.

అంటే మిషన్ పనికిరానిదా? అలా అనను. గీత బాగుందంటే ఆ మాటను చాలావరకు నమ్మొచ్చు. ఎన్‌ఎస్‌టీ రియాక్టివ్‌గా ఉన్న తర్వాత వారం లోపు బిడ్డ కడుపులో చనిపోవడం చాలా అరుదు, వెయ్యికి రెండుకు లోపే. "బాగోలేదు" అన్న మాటకే బలం తక్కువ. అక్కడ గీత ఒక అనుమానాన్ని లేపుతుంది, తేల్చాల్సింది మనిషి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో ఆరోగ్యంగా ఉండి, నొప్పులు వాటంతటవే వచ్చిన తల్లికి మిషన్ ఎడతెగకుండా కట్టొద్దంది. ఆసుపత్రిలో చేరగానే అందరికీ రివాజుగా ఒక గీత తీసే పద్ధతి కూడా వద్దంది. దాని బదులు డాప్లర్ అనే చిన్న చేతి అల్ట్రాసౌండ్ పరికరంతోనో బూరతోనో నొప్పుల మొదటి దశలో పావుగంట నుంచి అరగంటకోసారి, ముక్కే దశలో ఐదు నిమిషాలకోసారి, నొప్పి వచ్చేటప్పుడు మొదలుపెట్టి తగ్గాక కూడా వినమంది. బీపీ, షుగర్, బిడ్డ ఎదుగుదల తక్కువ, ఉమ్మనీరు పచ్చగా రావడం, పాత సిజేరియన్, డ్రిప్ మీద నొప్పులు, ఇలాంటివి ఉన్నవాళ్లకు మిషన్ కట్టడం మామూలు పద్ధతి.

వినడానికి తేలికగానే ఉంది కదా, మరి ఎందుకు చేయరు? ఐదు నిమిషాలకోసారి వినాలంటే ఆ గదిలో ఒక మనిషి ఆ తల్లి పక్కనే ఉండాలి. నలుగురు నొప్పులతో ఉన్న వార్డులో ఒక్క సిస్టర్ ఉంటే అది జరిగే పని కాదు. బెల్టు కట్టేస్తే మిషన్ కాపలా కాస్తున్నట్టు ఉంటుంది, కాగితం రికార్డుగా మిగులుతుంది. బెల్టు కట్టించుకున్న తల్లి మంచానికే పరిమితమవుతుంది. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెనకున్న పెద్ద సిర మీద పడి, బీపీ తగ్గి, బిడ్డ గుండె కూడా తగ్గొచ్చు. అంటే గీత తీయడానికి పడుకోబెట్టిన తీరే గీతను పాడుచేయగలదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ మాటకు బరువెక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తం మీద 21.5. ఇంత తేడాకు గీతను నిందిస్తే అన్యాయం. ముహూర్తాలున్నాయి, నొప్పుల భయం ఉంది, మొదటి సిజేరియన్ ఉంటే రెండోదీ అదే అన్న అలవాటుంది, డబ్బుంది, కేసుల భయముంది. కానీ అర్ధరాత్రి లేబర్ రూమ్ తలుపు తెరుచుకుని "బేబీ హార్ట్ బీట్ తగ్గుతోంది, సంతకం పెట్టండి" అన్నాక ఎదురు ప్రశ్న వేయగలిగిన కుటుంబం ఉండదు. ఆ మాట నిజమైనప్పుడు నిమిషాలే లెక్క. తాడు బిడ్డకంటే ముందు జారినా, మాయ ముందే ఊడినా, పాత కుట్టు విడినా, గుండె పడి లేవకపోయినా, వాదన పెట్టుకునే సమయం కాదు, పెట్టాల్సింది సంతకమే.

అంత తొందర లేని సందర్భాలే ఎక్కువ. అప్పుడు గొడవపడకుండా అడగదగినవి ఉన్నాయి. "మేడమ్, ఎంతసేపటి నుంచి తగ్గుతోంది? నొప్పి పోయాక లేస్తోందా? ఎడమ పక్కకు తిప్పి చూశారా? డ్రిప్ ఆపి చూశారా?" నిజానికి మంచి లేబర్ రూములో ఇవన్నీ మీరు అడక్కముందే జరిగిపోతాయి. తల్లిని పక్కకు తిప్పుతారు, డ్రిప్ ఆపుతారు, బీపీ, జ్వరం చూస్తారు, సెలైన్ పెడతారు, తాడు జారిందేమో లోపల పరీక్షిస్తారు. ఆ పరీక్షలోనే వేలితో బిడ్డ తలను మెల్లగా గోకుతారు. దానికి గుండె వేగం 15 పెరిగి లేస్తే, ఆ క్షణానికి బిడ్డ రక్తంలో ఆమ్లం పేరుకోలేదని చాలావరకు ధైర్యం. పైసా ఖర్చులేని ఈ చిన్న పరీక్ష చాలా ఆపరేషన్లను ఆపగలదు. ముక్కుకు ఆక్సిజన్ మాస్కు పెట్టడం మాత్రం, తల్లికి ఆక్సిజన్ తగ్గితే తప్ప, ఉపయోగం లేదని ఇప్పుడు తేల్చారు. అలవాటు కొద్దీ ఇంకా పెడుతూనే ఉన్నారు.

మిషన్ తప్పుగా చదివే సందర్భాలు కూడా తెలిసి ఉండాలి. మనకు వినిపించే ఆ గుర్రం చప్పుడు గుండె శబ్దం కానేకాదు. పొట్టలోకి పంపిన అల్ట్రాసౌండ్ తరంగాలు కదిలే గుండెకు తగిలి తిరిగొచ్చినప్పుడు వాటి పౌనఃపున్యంలో తేడా వస్తుంది. ఆ తేడాను మిషన్ చప్పుడుగా మార్చి వినిపిస్తుంది. అది బిడ్డ గుండెకే తగలాలన్న గ్యారంటీ లేదు. తల్లి రక్తనాళానికి తగిలితే తల్లి నాడినే గీసేస్తుంది. ముక్కే సమయంలో తల్లి నాడి 120, 130 దాకా వెళుతుంది కాబట్టి కాగితం మీద అది బిడ్డ గుండెలాగే అందంగా కనిపిస్తుంది. బిడ్డ గుండె మరీ నెమ్మదిగా ఉంటే రెట్టింపు చేసి, మరీ వేగంగా ఉంటే సగం చేసి చూపించిన మిషన్లూ ఉన్నాయి. అందుకే తెలివైన సిస్టర్ పొట్ట మీద బిళ్ల పెట్టేటప్పుడు రెండో చేత్తో తల్లి మణికట్టు పట్టుకుంటుంది. రెండు లెక్కలు వేరువేరుగా ఉంటేనే గీతను నమ్ముతుంది. మా సిస్టర్ ఆ రోజు చెల్లి చెయ్యి పట్టుకుంటే, ఏదో ధైర్యం చెబుతోందనుకున్నాను.

ఇంట్లో వాడుకునే చేతి డాప్లర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతున్నాయి. అమెరికాలో ఉండే మా బంధువులమ్మాయి ఒకటి కొనుక్కుని రోజూ రాత్రి విని, రికార్డు చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేది. ముద్దుగానే ఉండేది. కానీ 2014లోనే అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ సరదా కోసం వీటిని వాడొద్దని హెచ్చరించింది. నాకు పెద్ద భయం అనిపించేది అల్ట్రాసౌండ్ గురించి కాదు. "పొద్దుట్నుంచి బిడ్డ సరిగ్గా కదల్లేదు" అన్న అనుమానం వచ్చిన తల్లి, డాప్లర్ పెట్టి ఏదో లయ వినిపించగానే, అది తన నాడో మాయలో రక్తమో కూడా తెలియకుండానే, పొద్దున చూద్దాంలే అని పడుకుంటుంది. ఒకవేళ అది బిడ్డ గుండే అయినా, అర నిమిషం వినిపించిన లయలో గరుకుతనం తెలియదు, ఎగుడులు తెలియవు. గుండె చివరిదాకా కొట్టుకుంటూనే ఉంటుంది. బిడ్డకు ఆక్సిజన్ తగ్గితే ముందు మానేసేది చేతులూ కాళ్లూ ఆడించడం.

కాబట్టి కదలికలు రోజూ ఉండేదానికంటే తగ్గాయనిపిస్తే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. "నెలలు నిండాక చోటు చాలక బిడ్డ కదలదులే" అని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. తన్నుల తీరు మారి, దొర్లినట్టు ఒత్తినట్టు అనిపించొచ్చు గానీ కదలడం తగ్గకూడదు. వెళ్లాక ఎన్‌ఎస్‌టీ బాగుందని పంపేసినా, మర్నాడు మళ్లీ తగ్గితే మళ్లీ వెళ్లాలి. నిన్న తీసిన గీత నిన్నటి గురించే చెబుతుంది.

మా చెల్లికి మొత్తం ఐదు ఎన్‌ఎస్‌టీలు తీశారు. నాలుగు ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. ఒకదాంట్లో బిడ్డకు వెక్కిళ్లు వచ్చి గీత పక్కన చిన్నచిన్న ముళ్లు మొలిచాయి, అమ్మ మళ్లీ లేచింది, సిస్టర్ నవ్వింది. ఆ కాగితాలు అడిగి తెచ్చుకుని ఫైల్లో పెట్టుకున్నాం. మొన్న పాప రెండో పుట్టినరోజుకి బయటికి తీస్తే మూడింటి మీద గీతలు దాదాపు చెరిగిపోయాయి. అది బస్సు టికెట్ల లాంటి థర్మల్ కాగితం, వేడికీ వెలుగుకీ వెలిసిపోతుంది. దాచుకోవాలనుకుంటే, ముఖ్యంగా కాన్పులో ఏదైనా ఇబ్బంది వచ్చి రేపు ఇంకో డాక్టరుకు చూపించాల్సిన అవసరం ఉంటే, ఆ వారంలోనే జిరాక్స్ తీయించుకోండి.